ఏడో గడి

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన మూడో రోజు.
ఆకివీడు స్టేషన్ వరండాలో బల్లమీద
తుపాకులు పక్కపక్కన పడుకున్నాయి,
సంతలో బొమ్మిడాయిల్లా, నల్లగా, నూనె నిగనిగతో.
రిజిస్టరు రాసేది నేను.
పేరు, ఊరు, లైసెన్సు, రకం, నంబరు, తూటాలు.
ఏడో గడి: గుర్తింపు చిహ్నాలు.

అప్పగించి వెళ్ళండంటే ఎవరూ కదలరు.
బీరువాలో తాళం వేసి పెట్టుకున్నది
నలుగురికీ చూపించే రోజు ఇదొక్కటే మరి.
పశువుల సంతలో పళ్ళు చూసినట్టు
ఒకరిది ఒకరు విప్పి చూసుకుంటున్నారు.

రొయ్యల చెరువుల అచ్యుతరామరాజు
తోలుసంచిలోంచి పిస్టల్ తీశాడు.
"పాయింట్ త్రీ టూ. కాన్పూరు సరుకండి."
"ఇంతవరకూ ఏం కొట్టారేంటి దీంతో?"
"లైసెన్సుకి తిరిగి తిరిగి
నాలుగు జతల చెప్పులు అరగ్గొట్టానండి."

చినకాపవరం ముత్యాల్నాయుడిది నాటు తుపాకి,
మందూ గుడ్డపేలికా కూరి పేల్చేది.
దాని గొట్టాన్ని ఎండకేసి ఎత్తి
అందులోంచి ఆకాశం చూశాడు
మాధవరం యాకోబు, మాజీ హవల్దారు.
"తుప్పు. ఈ ఉప్పుగాలికి ఇనుమంటే పగ.
ఏం రాస్తున్నావు దీనికి, కొబ్బరినూనా?
నెత్తికి రాసుకునేది దీనికి రాస్తే
పుష్యమాసంలో గడ్డకట్టి మీట కదలదు."
"మా తాత ఆముదం రాసేవాడండి."
"అందుకే మీ తాత తుపాకి
మీ దొడ్డితలుపుకి అడ్డకర్ర అయింది."

నవ్వులు ఇంకా ఆగలేదు, ఆటో వచ్చి ఆగింది.
వేగేశ్న చంద్రాయమ్మగారు.
డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి,
జరీపంచెలో చుట్టి చంటిబిడ్డలా పట్టుకొచ్చారు.
"నీలాద్రిరాజుగారి తుపాకి!"
కూర్చున్నవాళ్ళు లేచారు, ఆవిడకి కాదు, దానికి.

వేటకి అడ్డులేని కాలంలో, కొల్లేట్లో,
రెండు గుళ్ళకి తొమ్మిది పరజలు పడ్డాయట.
పుట్టనివాళ్ళు కూడా
పడవలో తామున్నట్టే చెబుతారు ఆ సంగతి.
ఫోటో ఉంది: ఆరడుగుల రాజుగారు, భుజాన తుపాకి,
కాళ్ళ దగ్గర పిట్టలు,
అంచున ఎవరిదో చీరకొంగు, సగం కోసుకుపోయి.

ఆవిడకి బెంచీ మీద చోటిచ్చి
గోళీసోడా తెప్పించాం.
అచ్యుతరామరాజు భక్తిగా భుజానికెత్తాడు.
బొటనవేలు ముక్కుకి తగిలింది.
ముత్యాల్నాయుడు ఎత్తాడు. మోచెయ్యి ముడుచుకుపోయింది.
"ఇదేంటండీ, పిల్లల తుపాకిలా!"

యాకోబు ఎత్తలేదు.
బట్టుచెక్క కొస మీద అరచెయ్యి వేసి
చాలాసేపు నిమిరాడు.
"కోశారు దీన్ని. అంగుళంన్నర.
మొరటు రంపం కాదు, తెలిసినవాడి చెయ్యి."
కొంచెం ఆగి
"ఆరడుగుల మనిషికి ఎందుకు కోసినట్టు?"
అన్నాడు, ఎవర్నీ చూడకుండా.

సోడాసీసాలో గోళీ చప్పుడైంది.
చంద్రాయమ్మగారు మూతి తుడుచుకుని
కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పారు:
"ఎడం గొట్టం కాస్త పైకి కొడుతుంది.
పిట్ట లేచాక దాని కాళ్ళు చూసి మీట నొక్కాలి."

బయట ఎవరో ట్రాక్టర్ స్టార్ట్ చేస్తున్నారు.
పడవలో ఉన్నామన్నవాళ్ళెవరూ
ఆ పూట పడవ ఎక్కలేదు.

ఏడో గడిలో రాశాను:
బట్టుచెక్క అంగుళంన్నర పొట్టి.
మొదటి గడిలో అప్పటికే రాసేసి ఉన్నాను,
'కీ.శే. నీలాద్రిరాజుగారి భార్య' అని.
రిజిస్టరులో కొట్టివేతలు పనికిరావు.
కొట్టేశాను.
పక్కన పొట్టి సంతకం పెట్టాను.

లెక్కింపు అయిన వారానికి ఆటో మళ్ళీ వచ్చింది.
పంచె విప్పి, గొట్టం విరిచి, వెలుగుకేసి పట్టి
ఒక కన్ను మూసి చూశారు ఆవిడ.
చూపుడువేలు లోపల తిప్పి, తీసి
వాసన చూశారు.
"కొబ్బరినూనె రాయలేదు కదా, నాయనా?"